విండోస్‌లో పనిచేసే డాంగిల్ లైనక్స్‌లో ఎందుకు మొరాయిస్తోంది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాత ల్యాప్‌టాప్, అందులో పక్కపక్కనే విండోస్, ఉబుంటు అనే లైనక్స్, నెట్ కోసం సిమ్ వేసి వాడే ఒక హువావే యూఎస్‌బీ డాంగిల్. విండోస్‌లో నెట్ వస్తోంది. ఉబుంటులో డాంగిల్ పెడితే డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ ఒకటి వస్తోంది తప్ప నెట్‌వర్క్ మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఊసే లేదు. మొన్న ఒక్కసారి మాత్రం దానంతటదే కనెక్ట్ అయి రెండు గంటలు శుభ్రంగా నడిచింది, మర్నాడు మళ్లీ మొదటికి వచ్చింది. ఈలోపు మీరు మోడెమ్‌తో డయల్ చేయించే డబ్ల్యూవీడయల్ వేశారు, అలాంటిదే సాకిస్ 3జీ స్క్రిప్ట్ దించుకున్నారు, ఏపీఎన్ (ఆపరేటర్ డేటా నెట్‌వర్క్‌లోకి వెళ్లే ద్వారం పేరు) నాలుగు రకాలుగా మార్చి చూశారు, ఇప్పుడు ఉబుంటు తీసేసి వేరే డిస్ట్రో (లైనక్స్ రకం) వేద్దామా అని అడుగుతున్నారు.

వద్దు. డిస్ట్రో మార్చినా ఇదే డాంగిల్, దాదాపు ఇదే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ), ఇవే ప్రోగ్రాములు. పైగా మీరు పెట్టిన సమాచారంలోనే సగం జవాబు ఉంది. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇచ్చిన లైన్‌లో 12డీ1:1446 అని ఉంది చూడండి. 12డీ1 అంటే హువావే. 1446 అంటే ఆ డాంగిల్ ఇంకా మోడెమ్‌గా మారలేదు, సీడీ డ్రైవ్ వేషంలోనే ఉంది. అంటే మీ ఉబుంటు దృష్టిలో ఇప్పటికి అక్కడ మోడెమ్ అనేదే లేదు. లేని మోడెమ్‌కు ఏపీఎన్ ఎన్నిసార్లు మార్చినా ఒరిగేదేముంది?

(కమాండ్‌లను పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట చెబుతాను.)

మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌లో వచ్చే చిక్కేమిటంటే, ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ఏడెనిమిది పనులు వరసగా జరిగితే గానీ నెట్ రాదు. డాంగిల్‌కు సరిపడా కరెంటు అందాలి, అది మోడెమ్ రూపంలోకి మారాలి, కెర్నల్ దానికి డ్రైవర్ తగిలించాలి, మోడెమ్‌మేనేజర్ దాన్ని గుర్తుపట్టాలి, సిమ్ తెరుచుకోవాలి, టవర్ దాన్ని ఒప్పుకోవాలి, ఆ తరవాత ఏపీఎన్, చివర్లో ఐపీ అడ్రస్, డీఎన్ఎస్. వీటిలో ఏది ఆగినా మీకు పైకి కనిపించేది ఒక్కటే, నెట్ లేదు. నెట్‌లో దొరికే చిట్కాలన్నీ అబద్ధం కాదు గానీ, ఒక్కోటీ ఒక్కో మెట్టు దగ్గర ఆగినవాళ్ల కోసం రాసినవి. ఏడో మెట్టు మందు తెచ్చి రెండో మెట్టుకు రాస్తే పనిచేయదు, పైగా కొత్త గాయం చేస్తుంది. అందుకే కింది నుంచి పైకి చూసుకుంటూ పోదాం, ఒకటి దాటాకే రెండోది.

ముందు ఇల్లు ఊడ్చాలి. డబ్ల్యూవీడయల్, సాకిస్ రెండూ తీసేయండి. అవి చెడ్డవని కాదు, ఒకప్పుడు అవే దిక్కు, నేనూ ఏళ్ల తరబడి వాటితోనే నెట్టుకొచ్చాను. కానీ ఇప్పుడు మీ ఉబుంటులో మోడెమ్‌మేనేజర్ అనే సర్వీస్ వెనకాల నడుస్తూ ఉంటుంది, డాంగిల్ పెట్టగానే దాని పోర్టులన్నీ ఒక్కొక్కటి తెరిచి నువ్వు మోడెమ్‌వేనా అని అడుగుతుంది. అదే సమయంలో డబ్ల్యూవీడయల్ కూడా అదే పోర్ట్ పట్టుకుంటే ఇద్దరి మాటలూ కలిసిపోయి ఎవరికీ జవాబు అందదు. ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఇద్దరిలో ఒక్కరే ఉండాలి, నా మాట వింటే మోడెమ్‌మేనేజర్‌ను ఉంచుకోండి. నెట్‌వర్క్ మెనూలో మీరు చేసిన ఆ నాలుగు పాత కనెక్షన్లు కూడా తీసేయండి.

ఇప్పుడు టెర్మినల్ తెరిచి సుడో డీమెసెజ్ -డబ్ల్యూ కొట్టండి. అంటే డీ, ఎం, ఈ, ఎస్, జీ, తరవాత ఖాళీ వదిలి హైఫన్ డబ్ల్యూ. కెర్నల్ ఏం చూస్తే అది అక్కడ ఎప్పటికప్పుడు రాస్తూ ఉంటుంది. డాంగిల్ తీసి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టండి. కొత్త యూఎస్‌బీ పరికరం వచ్చిందని ఒక లైన్, దాని నంబర్లు, ఆ తరవాత మాస్ స్టోరేజ్ అని, సీడీరామ్ అని కొన్ని లైన్లు వస్తాయి. ఇక్కడ మీరు చూడాల్సింది ఎర్రర్ -71 గానీ ఎర్రర్ -110 గానీ ఉందా అని, లేదా పరికరం వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది అని పదే పదే రాస్తోందా అని. అలా ఉంటే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి, అది కరెంటు గొడవో కేబుల్ గొడవో.

నేను దీన్ని బుద్ధిలేక నేర్చుకున్నాను. ఒకసారి సిగ్నల్ బాగా వస్తుందని డాంగిల్‌ను పొడుగాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్‌కు తగిలించి కిటికీ దగ్గర పెట్టాను. కనెక్ట్ అవుతుంది, పేజీ ఒకటి తెరుచుకుంటుంది, పెద్ద ఫైల్ దించబోతే చాలు ఠక్కున ఊడిపోతుంది. రెండు రాత్రులు ఏపీఎన్, పీపీపీ (పాత డయలింగ్ పద్ధతి) సెట్టింగులు తిరగేశాను. మూడో రోజు ఎందుకో కేబుల్ తీసి నేరుగా పెడితే ఏ గొడవా లేదు. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట డాంగిల్ గట్టిగా అరవాలి, అంటే ఎక్కువ కరెంటు లాగాలి, సన్నటి పొడుగు కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది, డాంగిల్ రీసెట్ అయిపోతుంది. అందుకని పరీక్షించేటప్పుడు నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కే పెట్టండి, హబ్ వాడాల్సి వస్తే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి.

మీ డీమెసెజ్‌లో అవేమీ లేకపోతే రెండో మెట్టుకు వద్దాం, మీరు ఆగింది అక్కడే అని నా గట్టి అనుమానం.

ఈ డాంగిళ్లు సీడీ వేషం ఎందుకు వేస్తాయంటే, కొన్నవాడికి విడిగా డ్రైవర్ సీడీ ఇవ్వక్కర్లేకుండా డ్రైవర్లను డాంగిల్ పొట్టలోనే పెట్టారు. పెట్టగానే సీడీలా కనిపిస్తుంది, విండోస్ ఆ సీడీలోంచి ఇన్‌స్టాలర్ నడుపుతుంది, ఆ తరవాత విండోస్ డ్రైవర్ ఒక రహస్య సంకేతం పంపితే డాంగిల్ ఒక్కసారి ఊడి మోడెమ్‌గా మళ్లీ పుడుతుంది. లైనక్స్‌లో ఆ సంకేతం పంపే పని యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాముది. ఏ డాంగిల్‌కు ఏ సంకేతమో రాసిపెట్టిన జాబితా విడిగా యూఎస్‌బీ మోడ్‌స్విచ్ డేటా అనే ప్యాకేజీలో వస్తుంది. రెండూ ఉన్నాయో లేదో చూడండి. మొదటిది ఉండి రెండోది లేని సిస్టమ్‌లు నేను చూశాను. తుపాకీ ఉంది, తూటాలు లేవు.

మొన్న ఒక్కసారి ఎందుకు పనిచేసిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. గుర్తు చేసుకోండి, ఆరోజు విండోస్‌లో నెట్ వాడి, షట్‌డౌన్ చేయకుండా రీస్టార్ట్ నొక్కి ఉబుంటులోకి వచ్చారా? చాలా ల్యాప్‌టాప్‌లలో రీస్టార్ట్ చేసినప్పుడు యూఎస్‌బీ పోర్టుకు కరెంటు పోదు. విండోస్ అప్పటికే డాంగిల్‌ను మోడెమ్‌గా మార్చేసి ఉంది, అది అదే రూపంలో ఉబుంటు చేతికి వచ్చింది, ఉబుంటు హాయిగా వాడుకుంది. మర్నాడు ల్యాప్‌టాప్ పూర్తిగా ఆగి లేచింది కాబట్టి డాంగిల్ మళ్లీ సీడీ అయింది. ఇది నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. విండోస్‌లో కనెక్ట్ చేసి రీస్టార్ట్‌తో ఉబుంటులోకి వచ్చి ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. 1446 స్థానంలో 1001 గానీ, 1436 గానీ, 1506 గానీ, ఏదో వేరే నంబర్ కనిపిస్తే నా అనుమానం నిజమే. మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా కనిపిస్తే, మీ ఉబుంటులో డ్రైవర్, మోడెమ్‌మేనేజర్ సవ్యంగానే ఉన్నాయని, లేనిది ఆ సంకేతం ఒక్కటేనని కూడా తేలిపోతుంది. ఒక పరీక్షతో ఇన్ని అనుమానాలు పోతాయి కాబట్టి ముందు ఇదే చేయండి.

తరవాత చేత్తో సంకేతం పంపి చూడండి. సుడో యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ -వీ 12డీ1 -పీ 1446 -జే. ఇందులో వీ, పీ చిన్నవి, జే పెద్ద అక్షరం. జే అంటే హువావే కొత్త పద్ధతి, మరీ పాత డాంగిళ్లకు దాని బదులు పెద్ద హెచ్ పెట్టాలి. కొట్టి అయిదారు క్షణాలు ఆగి ఎల్ఎస్‌యూఎస్‌బీ మళ్లీ చూడండి. నంబర్ మారిందంటే సగం యుద్ధం గెలిచినట్టే. చేత్తో పంపితే మారుతోంది, దానంతటది మారడం లేదు అంటే డాంగిల్ పెట్టగానే ఆ సంకేతం పంపించాల్సిన యూడెవ్ నియమం పనిచేయడం లేదన్నమాట. రెండు ప్యాకేజీలనూ పూర్తిగా తీసేసి మళ్లీ వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడు డాంగిల్ పెట్టి ఉంటే మారకపోవడం, డెస్క్‌టాప్ వచ్చాక పెడితే మారడం కూడా చూశాను, అదైతే కొన్నాళ్లు అలాగే సర్దుకుపోండి, ప్రాణం తీసే విషయం కాదు.

ఇక్కడో పక్కమాట. హువావేలోనే హైలింక్ అనే రకం ఉంది. ఈ3372హెచ్ లాంటివి. వాటి సీడీ వేషం నంబర్ 12డీ1:1ఎఫ్01, మారాక 14డీసీ. అవి మోడెమ్‌లు కావు, చిన్న రౌటర్లు. ల్యాప్‌టాప్‌కు వైర్ల నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తాయి, ఏపీఎన్, పిన్ లాంటివన్నీ బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిచి అక్కడే పెట్టాలి. వాటికోసం మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ మెనూలో వెతుక్కుంటూ కూర్చుంటే ఎన్నాళ్లయినా కనిపించదు, ఎందుకంటే అది వైర్డ్ కింద ఉంటుంది. పేరులో చివర హెచ్ బదులు ఎస్ ఉన్న ఈ3372ఎస్ మాత్రం మామూలు మోడెమ్. ఒకే బొమ్మ, ఒకే డబ్బా, లోపల వేరు. మీది 1446 కాబట్టి మీకు ఈ గొడవ లేదు, కానీ రేపు కొత్తది కొంటే గుర్తుంటుందని చెప్పాను.

డాంగిల్ మోడెమ్‌గా మారాక కెర్నల్ డ్రైవర్ తగిలిస్తుంది. డీమెసెజ్‌లో టీటీవైయూఎస్‌బీ0, 1, 2 అని మూడు నాలుగు పోర్టులు పుట్టినట్టు వస్తే అది ఆప్షన్ అనే డ్రైవర్ పని. పేరు విచిత్రంగా ఉందనుకోకండి, బెల్జియంలో ఆప్షన్ అనే కంపెనీ చేసిన కార్డుల కోసం మొదట రాశారు, ఇప్పుడు ప్రపంచంలో సగం డాంగిళ్లు దాని మీదే నడుస్తున్నాయి. కొత్త తరం డాంగిళ్లయితే టీటీవైయూఎస్‌బీతో పాటు సీడీసీ-డబ్ల్యూడీఎం0 అనే పరికరం, డబ్ల్యూడబ్ల్యూఏఎన్‌తో మొదలయ్యే నెట్‌వర్క్ కార్డ్ వస్తాయి, అవి క్యూఎంఐ, ఎంబీఐఎం పద్ధతుల్లో మాట్లాడతాయి, పాత పీపీపీ కంటే వేగంగా ఉంటాయి. నంబర్ మారింది గానీ ఏ పోర్టూ పుట్టలేదంటే సుడో మోడ్‌ప్రోబ్ ఆప్షన్ కొట్టి చూడండి. హువావేకు ఇది దాదాపు ఎప్పుడూ అవసరం రాదు.

ఇక మోడెమ్‌మేనేజర్. దాంతో మాట్లాడే కమాండ్ ఎంఎంసీఎల్ఐ. ఎంఎంసీఎల్ఐ -ఎల్ కొట్టండి, ఎల్ పెద్దది. డాంగిల్ పెట్టిన మరుక్షణం కొట్టి మోడెమ్ లేదంటోంది అని కంగారుపడకండి, అది పోర్టులన్నీ తడిమి చూడటానికి అర నిమిషం దాకా పట్టొచ్చు. పెట్టాక లేచి కాసిని నీళ్లు తాగి వచ్చి కొట్టండి. మోడెమ్ కనిపిస్తే దాని పక్కన ఒక నంబర్ ఉంటుంది, మొదటిసారి 0, తీసి పెట్టిన ప్రతిసారీ 1, 2 అని పెరుగుతూ పోతుంది. నిన్న పనిచేసిన కమాండ్ ఇవాళ మోడెమ్ దొరకలేదు అంటే చాలాసార్లు ఇదే కారణం, పాత నంబర్ కొడుతున్నారు. ఎంఎంసీఎల్ఐ -ఎం 0 అంటే ఆ మోడెమ్ జాతకం మొత్తం వస్తుంది. అందులో స్టేట్ అనే లైన్ ఒక్కటి చాలు.

స్టేట్ ఫెయిల్డ్ అని, కారణం సిమ్ మిస్సింగ్ అని ఉంటే సిమ్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. చిన్న సిమ్‌ను అడాప్టర్‌లో ఇరికించి పెట్టారా? ఆ ప్లాస్టిక్ ముక్కలు వెంట్రుకంత జరిగినా సిమ్ అందదు, విండోస్‌లో పనిచేసింది కదా అనకండి, ఈలోపు మీరు తీసి పెట్టి ఉంటారు. లాక్డ్ అని ఉంటే సిమ్ పిన్ అడుగుతోంది. ఇక్కడ మాత్రం ఊహించి కొట్టకండి, మూడుసార్లు తప్పితే పీయూకే (ఆపరేటర్ ఇచ్చే అన్‌లాక్ కోడ్) అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పోతుంది. నేనైతే సిమ్‌ను ఫోన్‌లో వేసి పిన్ అడగడం తీసేసి, తరవాతే డాంగిల్‌లో వేస్తాను. డిసేబుల్డ్ అని ఉంటే మోడెమ్ బాగానే ఉంది, ఎవరూ లేపలేదంతే. ఎంఎంసీఎల్ఐ -ఎం 0 --ఎనేబుల్ అంటే లేస్తుంది. నెట్‌వర్క్ మెనూలో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ఆపేసి ఉన్నా ఇలాగే ఉంటుంది, ఎన్ఎంసీఎల్ఐ రేడియో డబ్ల్యూడబ్ల్యూఏఎన్ ఆన్ అంటే అదీ తెరుచుకుంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ చెప్పక్కర్లేదనుకున్నవే ఎక్కువసార్లు కొంప ముంచుతాయి కాబట్టి ఏ రేడియో ఆపేసి ఉందో చూపే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కూడా ఒకసారి చూడండి.

స్టేట్ సెర్చింగ్ దగ్గరే గంటల తరబడి ఉంటే అది టవర్ మెట్టు. ఇందులో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న సమస్య ఒకటుంది, ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయదు. డాంగిల్ 3జీ వరకే తెలిసిన పాతది, చాలా దేశాల్లో ఆపరేటర్లు 3జీని మూసేశారు లేదా మూసేస్తున్నారు. అలాంటప్పుడు డాంగిల్ 2జీ ఉంటే దానికి అతుక్కుంటుంది, లేకపోతే వెతుకుతూనే ఉంటుంది. మీకు విండోస్‌లో నెట్ వస్తోంది కాబట్టి ఇది మీ సమస్య కాదు. కానీ ఇదే సమస్య ఉన్నవాళ్లు లైనక్స్‌ను తిట్టుకుంటూ వారాలు వృథా చేయడం చూశాను. ఇంకోటి, విండోస్‌లో డాంగిల్ సొంత సాఫ్ట్‌వేర్‌లో 3జీ మాత్రమే, 4జీ మాత్రమే అని ఎంచుకునే చోటుంటుంది. కొన్ని డాంగిళ్లు ఆ ఎంపికను తమలోనే దాచుకుంటాయి, ల్యాప్‌టాప్ మార్చినా అదే పట్టుకుని ఉంటాయి. ఎంఎంసీఎల్ఐ -ఎం 0 ఇచ్చే జాతకంలో మోడ్స్ అనే చోట ఏది అనుమతించారో కనిపిస్తుంది.

సిగ్నల్ ఎంతుందో శాతంలో అక్కడే చూపిస్తుంది. పాతకాలం వాళ్లలా నేరుగా మోడెమ్‌ను అడగాలనుంటే మోడెమ్‌మేనేజర్‌ను ఆపి, మినికామ్ అనే ప్రోగ్రాముతో పోర్ట్ తెరిచి ఏటీ+సీఎస్‌క్యూ కొట్టండి. 0 నుంచి 31 వరకు ఒక అంకె వస్తుంది, 99 వస్తే తెలియదని అర్థం. ఆ అంకెను రెండుతో గుణించి 113 లోంచి తీసేస్తే మైనస్ డీబీఎంలో సిగ్నల్ బలం. 10 వచ్చిందంటే మైనస్ 93, నెట్టుకురావచ్చు. 4, 5 వస్తే డాంగిల్‌ను కిటికీ వైపు జరపాల్సిందే, పొట్టి కేబుల్‌తో. ఏటీ+సీఆర్ఈజీ? అని ప్రశ్నార్థకంతో సహా అడిగితే రెండు అంకెలు వస్తాయి, రెండో అంకె 1 అయితే సొంత నెట్‌వర్క్‌లో నమోదైంది, 5 అయితే రోమింగ్‌లో, 2 అయితే వెతుకుతోంది, 3 అయితే టవర్ పొమ్మంది. 3 వస్తే ఆపరేటర్‌తోనే మాట్లాడుకోవాలి, సిమ్ ఆపేసి ఉండొచ్చు. పని అయ్యాక మోడెమ్‌మేనేజర్‌ను మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోకండి, నేను మరిచిపోయి ఒకసారి గంటసేపు వెర్రిమొహం వేసుకుని కూర్చున్నాను.

రిజిస్టర్డ్ అని వచ్చాక, అప్పుడు ఏపీఎన్. మీరు మొదట మొదలుపెట్టిన చోటుకు ఇప్పుడు వచ్చాం. నెట్‌వర్క్ మెనూలోంచి కొత్త మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ చేస్తే దేశం, ఆపరేటర్ అడిగి ఏపీఎన్ అదే నింపుతుంది. ఆ జాబితా ఒక్కోసారి పాతబడి ఉంటుంది, అందుకే అదే సిమ్‌ను ఫోన్‌లో వేసి ఫోన్ ఏ ఏపీఎన్ వాడుతోందో చూసి అక్షరం పొల్లుపోకుండా అదే వేయండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఆపరేటర్ ఇవ్వకపోతే ఖాళీగా వదిలేయండి, ఏదో ఒకటి వేయాలేమో అని వేయకండి. నంబర్ అడిగితే *99#. రోమింగ్‌లో ఉన్నారంటే కనెక్షన్ సెట్టింగుల్లో రోమింగ్‌కు అనుమతి ఉందో లేదో చూడాలి, లేకపోతే రిజిస్టర్ అయి కూడా కనెక్ట్ కాదు.

కనెక్ట్ అయింది, అయినా పేజీ రావడం లేదంటే పింగ్ 1.1.1.1 కొట్టండి. జవాబు వస్తే లైన్ బాగుంది, పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ బాగాలేదు. కనెక్షన్‌లో డీఎన్ఎస్ చేత్తో ఇచ్చేస్తే సరిపోతుంది. జవాబు రాకపోతే ఐపీ రూట్ కొట్టి డిఫాల్ట్ అని ఉన్న లైన్లు చూడండి. నెట్‌వర్క్‌మేనేజర్ వైరుకు 100, వైఫైకి 600, మొబైల్‌కు 700 అని అంకెలు ఇస్తుంది, తక్కువ అంకె ఉన్నదాన్నే ముందు వాడుతుంది. నెట్ లేని వైఫైకి ఏదైనా అతుక్కుని ఉంటే డాంగిల్ కనెక్ట్ అయినా ప్రయాణమంతా ఆ చచ్చిన వైఫై వైపే పోవచ్చు. హైలింక్ డాంగిల్ విషయంలో తిరగబడుతుంది, అది వైర్డ్ లెక్కలో 100 తీసుకుంటుంది కాబట్టి మంచి వైఫై ఉన్నా డాంగిల్ డేటానే కరిగిపోతుంది. డేటా ఎందుకింత తొందరగా అయిపోతోందని అడిగేవాళ్లలో కొందరి కథ ఇదే.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతుంటే, ముఖ్యంగా వీపీఎన్ వాడేటప్పుడు, ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1400 పెట్టి చూడండి. ఇక కొందరు ఆపరేటర్లు ఐపీవీ6 మాత్రమే ఇస్తున్నారు, అలాంటి చోట ఫోన్‌లో అన్నీ పనిచేస్తూ లైనక్స్‌లో సగం సైట్లు రాకపోవచ్చు. ముందు కనెక్షన్‌లో ఐపీవీ4, ఐపీవీ6 రెండూ అడిగేలా పెట్టండి, సాధారణంగా ఆపరేటర్ ఒప్పుకుంటాడు.

కనెక్ట్ అయి అరగంటకోసారి ఊడిపోతుంటే, కరెంటు సంగతి పైన చెప్పాను, రెండో అనుమానం పవర్ పొదుపు. బ్యాటరీ పొదుపు చేసే టీఎల్‌పీ లాంటివి వేసి ఉంటే అవి యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతాయి, కొన్ని డాంగిళ్లు నిద్రలేవడం రాక చచ్చిపోతాయి. టీఎల్‌పీ కాన్ఫిగ్‌లో మీ డాంగిల్ నంబర్‌ను మినహాయింపు జాబితాలో చేర్చండి. మూత మూసి తెరిచాక మాత్రమే పోతుంటే సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ మోడెమ్‌మేనేజర్ చాలు, ఇందులో రెండు ఎంలూ పెద్దవి, అదీ కాకపోతే డాంగిల్ తీసి పెట్టడమే.

మీరు చివర్లో, ఈ పాత ల్యాప్‌టాప్ పోయాక లోపలే సిమ్ స్లాట్ ఉన్న కొత్తది తీసుకుంటే ఈ బాధలన్నీ పోతాయా అని అడిగారు. సీడీ వేషం బాధ పోతుంది, వేరే బాధ వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలోని కొన్ని కార్డులకు ఎఫ్‌సీసీ లాక్ అని ఒకటుంటుంది, అంటే ఆ కార్డ్ తనను పెట్టాల్సిన ల్యాప్‌టాప్‌లోనే ఉన్నానని నమ్మేదాకా రేడియో ఆన్ చేయదు. ఎంఎంసీఎల్ఐలో మోడెమ్ కనిపిస్తుంది, ఎనేబుల్ చేయబోతే పవర్ స్టేట్ ‘లో’ (తక్కువ) అనే దగ్గరే ఉండిపోతుంది. మోడెమ్‌మేనేజర్ 1.18.4 వెర్షన్ నుంచి ఈ లాక్‌ను అడగకుండా తీయడం మానేసింది. తీసే స్క్రిప్టులు యూఎస్ఆర్ షేర్ కింద మోడెమ్‌మేనేజర్ ఫోల్డర్‌లో, ఎఫ్‌సీసీ-అన్‌లాక్.అవైలబుల్.డీ అనే చోట ఉంటాయి. మీ కార్డ్ నంబర్ ఉన్న స్క్రిప్ట్‌ను ఈటీసీ కింద మోడెమ్‌మేనేజర్‌లోని ఎఫ్‌సీసీ-అన్‌లాక్.డీకి లింక్ చేస్తే సరిపోతుంది. క్వెక్టెల్ ఈఎం120 కార్డున్న థింక్‌ప్యాడ్ మీద నేను చేసింది ఇదే, అయిదు నిమిషాల పని, ఆ అయిదు నిమిషాల పని కనుక్కోవడానికి మాత్రం ఒక ఆదివారం పోయింది. ఇంకా కొన్ని కార్డులు యూఎస్‌బీ కాకుండా పీసీఐఈ మీద మాట్లాడతాయి, వాటిలో ఇంటెల్ రకాల కోసం ఐఓఎస్ఎం డ్రైవర్ కెర్నల్ 5.14లో వచ్చింది. అంతకంటే పాత కెర్నల్‌తో వాటిని కదపాలని చూడటం దండగ. కొనే ముందు సిమ్ స్లాట్ ఉంది కదా అని సంబరపడకండి, స్లాట్ ఉండి లోపల కార్డ్ గానీ యాంటెన్నా వైర్లు గానీ లేని మోడళ్లు ఉన్నాయి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది రెండే. విండోస్‌లోంచి రీస్టార్ట్ చేసి ఎల్ఎస్‌యూఎస్‌బీ చూడటం, తరవాత పూర్తిగా ఆపి ఉబుంటులోకి వచ్చి చేత్తో మోడ్‌స్విచ్ చేయడం. నంబర్ మారాక కూడా మోడెమ్ రాకపోతే డాంగిల్ పెట్టిన దగ్గర నుంచి డీమెసెజ్ లైన్లు, ఎంఎంసీఎల్ఐ -ఎం ఇచ్చిన మొత్తం, జర్నల్‌సీటీఎల్ -యూ మోడెమ్‌మేనేజర్ చివరి యాభై లైన్లు పెట్టండి, సర్వీస్ పేరులో ఇక్కడా రెండు ఎంలు పెద్దవే. పెట్టే ముందు వాటిలో మీ ఫోన్ నంబర్, మోడెమ్ గుర్తింపు సంఖ్య అయిన 15 అంకెల ఐఎంఈఐ, సిమ్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఎస్ఐ ఉంటాయి, అవి చెరిపేయండి. మీరు మొదట పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఐఎంఈఐ అలాగే కనిపిస్తోంది, దాన్ని కూడా ఇప్పుడే తీసేయండి.